శనివారం వాళ్ళ ఇల్లు

మొన్న శనివారం, బాపట్ల దగ్గర సముద్రతీరాన ఉన్న సూర్యలంకలో మా రెండో ఇంటి గేటు తాళం తియ్యడానికి పావుగంట పట్టింది. మూడు వారాలు రాలేదు, అంతే. ఉప్పుగాలికి లోపల బిగుసుకుపోయింది. మా ఆయన కారులోంచి కొబ్బరినూనె సీసా తీసి (స్టెప్నీ టైరులాగా అది కారులో ఎప్పుడూ ఉంటుంది) రెండు చుక్కలు వేసి, కాసేపు బతిమాలి, కాసేపు తిట్టి, చివరికి తీశారు. ఇంతలో మా ఇల్లు చూసుకునే పెద్దమ్మ వచ్చింది. "ఇత్తడి తాళం కొనమని పోయినేడే చెప్పానా టీచరమ్మా" అంది. చెప్పింది. మేమే కొనలేదు.

మేముండేది గుంటూరు బ్రాడీపేటలో. ఇక్కడ రెండు గదులు, ఒక వరండా, ఐదు కొబ్బరిచెట్లు ఉన్న ఇల్లు 2018లో కొన్నాం. అప్పుడు బాపట్ల గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది కాబట్టి, ఇల్లు కదలకుండానే మేం పరాయి జిల్లా వాళ్ళమయ్యాం. బంధువులు దీన్ని బీచ్ హౌస్ అంటారు గానీ ఇక్కణ్ణుంచి సముద్రం కనపడదు. కిలోమీటరున్నర దూరం. రాత్రి లైట్లు ఆర్పేశాక హోరు మాత్రం వినిపిస్తుంది.

కావాలనే అంత వెనక కొన్నాం. అలల పక్కనే ప్లాట్లు చూపించిన వాళ్ళూ లేకపోలేదు. తీరప్రాంత నిబంధనల ప్రకారం, పోటు వేళ నీళ్ళు వచ్చే గీత నుంచి ఐదువందల మీటర్ల దాకా ఆంక్షలుంటాయి. జనం పలచగా ఉండే పల్లె తీరాల్లో మొదటి రెండువందల మీటర్లలో కొత్త ఇల్లు కట్టనివ్వరు. ప్లాటు అమ్మేవాళ్ళు ఈ మాట ఎత్తరు, మనమే అడగాలి. దానితోపాటు సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల పట్టీ) ఉందేమో, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమేమో కూడా చూసుకోవాలి. మాకు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసి చూపించిన లాయరుగారు, "సముద్రం కనపడకపోయినా ఫరవాలేదమ్మా, కాగితాలు కనపడాలి" అన్నారు.

ప్రయాణం సంగతి. గుంటూరు నుంచి బాపట్ల యాభై కిలోమీటర్లు. చేబ్రోలు, పొన్నూరు మీదుగా వస్తాం. చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి దగ్గర కాఫీకి ఆగడం, పొన్నూరులో ఆంజనేయస్వామికి కారులోంచే దణ్ణం పెట్టడం అలవాటు. విజయవాడ నుంచి వచ్చే మా ఆడపడుచు మాత్రం రైలుకే ఓటేస్తుంది. చెన్నై లైను కాబట్టి తెనాలి మీదుగా తిన్నగా బాపట్లలో దిగుతుంది. చిక్కంతా ఆ తర్వాత తొమ్మిది కిలోమీటర్లే. పగలు షేర్ ఆటోలుంటాయి. చీకటి పడ్డాక ఆటో అతను చెప్పిందే రేటు. బాపట్లలో గంట టైముంటే భావనారాయణస్వామి గుడికి వెళ్ళండి. మేం ఇన్నేళ్ళలో వెళ్ళింది నాలుగుసార్లే, ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనుకుంటూ.

కొనకముందు నాలుగేళ్ళు గదుల్లోనే దిగేవాళ్ళం. పర్యాటక శాఖ వాళ్ళ హరిత రిసార్టు ఇసుక పక్కనే ఉంటుంది, తెల్లారి లేచి నాలుగడుగులు వేస్తే నీళ్ళు. ఆ సుఖం మా సొంత ఇంట్లో లేదు. కాకపోతే శని, ఆదివారాలకు గది ముందుగా పట్టుకోవాలి. దొరక్క ఒకసారి ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. ఫోటోలో నీలంగా మెరిసిన ఈతకొలను అక్కడ చూస్తే ఆకుపచ్చగా ఉంది. అర్ధరాత్రి రెండింటిదాకా డీజే. రెండోరోజు మిగతా డబ్బు తిరిగివ్వమంటే, "సార్ లేరు" అన్నారు. ఆ రాత్రే మా ఆయన సొంత ఇల్లు అన్న మాట ఎత్తారు. నిద్ర లేనప్పుడు చేసే నిర్ణయాలు అలానే ఉంటాయి.

ఇల్లు కొన్నాక మొదటి దెబ్బ నీళ్ళు. బోరు వేసిన మేస్త్రీ గుంటూరు లెక్కన లోతుగా దింపాడు. వచ్చినవి పులుసులో ఉప్పు వెయ్యక్కర్లేని నీళ్ళు. పెద్దమ్మ నవ్వింది. ఇక్కడ ఇసుకలో వాననీళ్ళు ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతుంటాయి. మంచినీళ్ళు తేలిక కదా. తీరం రైతులు అందుకే ఇసుకలో దొరువు, అంటే లోతు తక్కువ గుంట, తవ్వి, పైనున్న నీళ్ళనే కుండలతో ముంచి ఆకుకూరలు పండించారు. ఆత్రపడి మోటారుతో లాగితే కిందున్న ఉప్పు పైకొస్తుంది. బాపట్లలో వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ దొరువునే మెరుగుపరిచారు. తక్కువ లోతులో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, మధ్య బావిలోకి నీళ్ళు నెమ్మదిగా ఊరేలా చేసే పద్ధతి అది. మేం అంత పెట్టలేదు. పాత బోరు మూసేసి, లోతు తక్కువలో ఇంకోటి వేయించి, చిన్న మోటారు పెట్టాం. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. చుట్టాలు పదిమంది వచ్చి షవరు తిప్పి వదిలేస్తే మర్నాటికి నీళ్ళ రుచి మారిపోతుంది. తాగడానికి ఎలాగూ క్యాన్లే.

రెండోది తుప్పు. కిటికీ ఊచలు, ఫ్రిజ్ కాళ్ళు, ఏసీ బయటి పెట్టె, చివరికి స్టవ్ బర్నరు కూడా. ఏసీ బాగుచేసే అబ్బాయి చీరాల నుంచి రావాలి. "రేపొస్తా మేడమ్" అంటే వచ్చే ఆదివారం అని అర్థం. ఇప్పుడు కిటికీలు తుప్పు పట్టని యూపీవీసీ ప్లాస్టిక్‌వి, గేటు ఒక్కటే ఇనుము. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు మేం గుంటూరులో టీవీ ముందు కూర్చుని టెన్షన్ పడ్డాం. పెద్దమ్మ తుఫాను షెల్టరులో ఉంది. వాన తగ్గాక ఆవిడే ఫోన్ చేసి, "ప్రహరీ ఒక పక్క పడింది, రెండు కొబ్బరిచెట్లు పోయినయ్, ఇల్లు బానే ఉందమ్మా" అంది. తన ఇంటి కప్పు రేకులు ఎగిరిపోయిన సంగతి మేం వచ్చాక గానీ తెలియలేదు.

చేపల మాట చెప్పకపోతే సూర్యలంక గురించి రాసినట్టు కాదు. పడవలొచ్చే వేళకు ఒడ్డుకు వెళ్తే చందువా, కానాగంతలు, అదృష్టం బాగుంటే వంజరం. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఆపేస్తారు. టీచరుగా నాకు వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే. ఇల్లుండీ, సెలవులుండీ, గుంటూరు నుంచి చికెన్ తెచ్చుకు తింటాం.

మేం కొన్నప్పటికీ ఇప్పటికీ రోడ్డు మారింది. సరుగుడు తోటలు కొట్టి వెంచర్లు వేశారు. శనివారం హైదరాబాదు కార్ల వరుస, ఆదివారం సాయంత్రానికి ప్లాస్టిక్ కుప్పలు. కార్తీక పౌర్ణమికి ఇటు రానే రాము, స్నానాల జనం మధ్య కారు కదలదు. నీళ్ళలోకి దిగేవాళ్ళకు ఒక్క మాట: పోలీసులు విజిల్ వేస్తే కోపం తెచ్చుకోకండి. మోకాలి లోతున నిలబడ్డ మనిషిని కాలికింద ఇసుకతో సహా లాగేసే చోట్లు ఇక్కడ ఉన్నాయి. జనం తక్కువ కావాలంటే చీరాల దాటి రామాపురం, లేదా వాడరేవు. వాడరేవు నాకు ఒడ్డున కూర్చోడానికే నచ్చింది. ఇంకొంచెం ముందుకెళ్తే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పిల్లలు విసుక్కున్నా తీసుకెళ్ళండి.

లెక్క అడిగే వాళ్ళుంటారు. పోయినేడాది మేం ఇక్కడ పడుకున్నది ముప్ఫై ఒక్క రాత్రులు. పెద్దమ్మ జీతం నెలకు నాలుగువేలు, ఇంటి పన్ను, కరెంటు, రంగులు, రిపేర్లు కలిపితే మంచి గదిలో రాత్రికి పెట్టే ఖర్చు ఇక్కడా అయింది. ఇంటి రేటు పెరిగింది కదా అంటారు మా ఆయన. అమ్మితే కదా పెరిగేది. ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చేవాళ్ళయితే గది తీసుకోవడమే నయం. నెలకు రెండుసార్లు రాగలిగి, ఊళ్ళో నమ్మకమైన మనిషి దొరికితేనే ఇల్లు. ఆ మనిషి దొరక్కపోతే మాత్రం ఇల్లు జోలికి పోవద్దు.

ఊళ్ళో మమ్మల్ని "శనారం వోళ్ళు" అంటారు. మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. ఆదివారం సాయంత్రం సామాను సర్దుతుంటే పెద్దమ్మ గేటు దగ్గర నిలబడి, "వచ్చే శనారం రాబాకండమ్మా" అంది.

"ఏం పెద్దమ్మా?"

"మనవరాలి లగ్గం పెట్టుకుంటన్నాం. చుట్టాలొస్తన్నారు."

"ఎక్కడ దించుతున్నావ్?"

ఆవిడ ఇంటివైపు చూసి, "ఇక్కడే గదా" అంది. "తాళం నేను మార్పిస్తాలే. ఇత్తడిది."