కాయిల్ మార్చకుండానే స్పార్క్ తెప్పించిన రేకుల షెడ్డు

మాది కడియపులంకలో చిన్న నర్సరీ. లాన్ గడ్డి కోసే పెట్రోల్ మిషన్ వానాకాలమంతా మూలన పడి ఉంది. తీస్తే స్టార్ట్ కాలేదు. తాడు లాగీ లాగీ నా భుజం పోయింది. పెట్రోల్ అంటుకోడానికి రవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్ కొత్తది వేసినా లాభం లేదు. ఒక పెద్ద షాపులోనైతే మూత కూడా విప్పకుండా "కాయిల్ పోయిందండి, రెండు వేల రెండొందలు" అన్నారు. కాయిల్ అంటే ప్లగ్‌కి కరెంటు పంపేది.

జొన్నాడ దగ్గర రోడ్డు పక్క షెడ్డుకి పట్టుకెళ్లా. ముసలాయన ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, ఇంజిన్ బాడీకి ఆనించి తాడు లాగాడు. రవ్వ లేదు. కాయిల్ నుంచి ఆఫ్ స్విచ్‌కి వెళ్లే సన్న వైరు పీకి మళ్లీ లాగాడు. టప్పుమని నీలం రవ్వ!

"ఎలక కొరికిందండి. రాగి తీగ బాడీకి తగుల్తోంది. ఆఫ్ స్విచ్ నొక్కితే జరిగేదీ అదేనండి. అంటే మీ మిషన్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉందండి, ఆయ్."

వైరు మార్చాడు. ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం, అదే ఫ్లైవీల్, దాని అయస్కాంతం మీద తుప్పుని ఎమరీ పేపర్‌తో రుద్ది, కాయిల్‌కీ దానికీ మధ్య నా విజిటింగ్ కార్డే పెట్టి సందు చూసి బోల్టులు బిగించాడు. అంతా కలిపి 250 రూపాయలు.

ఫోన్ మాత్రం ఎత్తడు. బిల్లు ఇవ్వడు. కూర్చోడానికి స్టూలు కూడా లేదు, రెండు గంటలు ఎండలో నిలబడ్డా. ఈసారి బ్రష్ కట్టర్ కూడా అక్కడికే తీసుకెళ్తా, గొడుగు పట్టుకుని.