హనుమకొండ, కాజీపేట వైపు ఇల్లు కొనేవారికి హెచ్చరిక: గృహరుణంలో వడ్డీ అంకె ఒక్కటే చూడకండి

2024 చివర్లో హనుమకొండ శివారు భీమారంలో ఇల్లు కొన్నప్పుడు 30 లక్షల రుణానికి మా ముందు రెండు దారులున్నాయి. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు 8.60 శాతం వడ్డీ చెప్పి, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి గతంలో చేతులు మారిన దస్తావేజులు), ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) కాగితాలు తమ లాయరు పరిశీలించేదాకా ఆగమంది. ఇల్లు చూపించిన మధ్యవర్తి వెంట వచ్చిన ఏజెంటు మాత్రం ఒక గృహరుణ సంస్థ తరఫున 8.50 శాతానికే, అదీ వారంలోపే, చెక్కు ఇప్పిస్తానన్నాడు. అగ్రిమెంటు గడువు దగ్గరపడినందున రుణం అక్కడే తీసుకున్నాం.

రిజిస్ట్రేషన్ రోజు ఉదయం చెక్కు చేతికివ్వడానికి ముందు లక్షన్నర రూపాయల ఏకమొత్తం ప్రీమియంతో బీమా పత్రం ఒకటి తెచ్చి, సంతకం పెట్టకపోతే చెక్కు రాదన్నారు. అమ్మేవారు, సాక్షులు వచ్చి కూర్చున్న వేళ ఎవరైనా ఏం చేస్తారు? ఆ ప్రీమియాన్ని కూడా రుణంలోనే కలిపారు. 8.50 శాతం వడ్డీతో 20 ఏళ్లకు లెక్క వేస్తే లక్షన్నరకు నెలకు సుమారు 1,300, మొత్తం మీద 3 లక్షల 12 వేలకు పైగా కట్టాలి. గృహరుణానికి బీమా తప్పనిసరి అనే నిబంధన ఏదీ లేదు. తీసుకున్నా, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయవచ్చు. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే రిటైల్ రుణాలకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ (రుణం ముఖ్య వివరాల పత్రం) ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. రుణదాత ద్వారా వసూలయ్యే బీమా, లీగల్ ఖర్చులు కూడా అందులోని వార్షిక రేటులో కలిసి కనిపించాలి కాబట్టి, రెండు సంస్థలను పోల్చేటప్పుడు ఏజెంటు నోటి అంకెను వదిలి ఆ రేటునే పక్కపక్కన పెట్టి చూడండి.

అసలు నష్టం మరోచోట ఉంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మారుతుండే) గృహరుణాలను రెపో (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టి, కనీసం 3 నెలలకు ఒకసారి సవరించాలి. గృహరుణ సంస్థలకు ఆ కట్టుబాటు లేదు. అవి తమ సొంత రేటునే ఆధారం చేసుకోవచ్చు. 2025 మొదట్లో 6.50 శాతంగా ఉన్న రెపో డిసెంబరు నాటికి 5.25కు దిగితే, మా వడ్డీ తగ్గింది పావు శాతమే. ఇదేమిటని అడిగితే, కన్వర్షన్ ఫీజు కడితే తగ్గిస్తామన్నారు. కొత్తగా వచ్చేవారికి తక్కువకు ఇచ్చి, పాతవారి దగ్గర తగ్గింపుకు కూడా రుసుము అడగడం నా దృష్టిలో వ్యాపారం కాదు, దబాయింపు.

వడ్డీ పెరిగినప్పుడు ఈఎంఐని కదపకుండా గడువును పొడిగించే అలవాటు గురించి కూడా తెలుసుకోవాలి. 8.50 శాతంతో 20 ఏళ్లకు తీసుకున్న రుణం మొదట్లోనే 9.50కు పెరిగి ఈఎంఐ అలాగే ఉంటే, గడువు 25 ఏళ్లు దాటిపోతుంది. ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది రుణగ్రహీతకే వదలాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ ఎంపికను రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

మరో మాట. రుణమెంత దొరుకుతుందో లెక్క వేసేటప్పుడు స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను సాధారణంగా ఇంటి విలువలో కలపరు. తెలంగాణలో అవి మొత్తం 7.5 శాతం దాకా అవుతాయి. మన వరంగల్‌లో చాలామంది దీనికోసం చిట్టీ ఎత్తుతారు. ఆ చిట్టీ వాయిదా కూడా ఈఎంఐతో పాటే నడుస్తుందని ఏ ఏజెంటూ గుర్తుచేయడు.

ఇప్పుడు మేము మిగిలిన అప్పును రెపోతో ముడిపడిన బ్యాంకు రుణానికి మార్చుకుంటున్నాం. వ్యక్తుల ఫ్లోటింగ్ గృహరుణాన్ని ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో రుణమిచ్చిన సంస్థ అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. అయితే కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, లాయరు ఫీజు, తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చు మళ్లీ మన మీదే పడతాయి కాబట్టి, మిగిలిన వడ్డీలో ఆదా అయ్యేది వాటికంటే ఎక్కువని తేలాకే దరఖాస్తు చేయండి.