గన్నవరం విమానాశ్రయం: ఇరవై ఏళ్లుగా ఎక్కి దిగుతున్నవాడిగా

మాది గుంటూరు. మిర్చి వ్యాపారం పని మీద నెలకు ఒకటి రెండుసార్లు విజయవాడ పక్కనున్న గన్నవరంలో విమానం ఎక్కుతాను. 2003లో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ సర్వీసు మొదలుపెట్టిన కొత్తల్లోనే మొదటిసారి ఎక్కాను. రెక్కలకు పంకాలు తిరిగే చిన్న ఏటీఆర్ విమానం అది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం కోసం తయారైన చోటు ఇది. మేం ఎక్కేనాటికి టెర్మినల్ ఓ మోస్తరు బస్టాండంత ఉండేది.

2014లో రాష్ట్రం విడిపోయాక రద్దీ ఒక్కసారిగా పెరిగింది. కూర్చోవడానికి కుర్చీ దొరికేది కాదు. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచాక ఊపిరి పీల్చుకున్నాం. అక్కడి శుభ్రత, సిబ్బంది మర్యాద నాకు నచ్చుతాయి. మనిషి చిన్న సాయం అడిగితే తెలుగులో జవాబు వస్తుంది. టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచి వెళ్లే ఏరోబ్రిడ్జి లేక విమానం దాకా ఎండలోనో వానలోనో వెళ్లాల్సి రావడం మాత్రం పెద్దవాళ్లకు కష్టం. వీల్‌చెయిర్ కావాలంటే టికెట్ తీసుకునేటప్పుడే చెప్పండి. లోపల టిఫిన్ ధర ఎక్కువ, నేను ఇంటి దగ్గరే తిని వెళ్తాను. 2019 ఫిబ్రవరిలో ఇంకో పెద్ద టెర్మినల్‌కు శంకుస్థాపన చేశారు. దాని పనులు ఏళ్ల తరబడి చూస్తూ వచ్చాం.

నిజంగా గొప్ప మార్పు రన్‌వేది. 2,286 మీటర్లు ఉండేదాన్ని 3,360 మీటర్లకు పెంచి 2021 జులైలో వాడకంలోకి తెచ్చారు. గాలి వేడెక్కితే పలచబడుతుంది, విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. మన రోహిణి కార్తె ఎండల్లో నిండా జనం, నిండా ఇంధనంతో పెద్ద విమానం లేవాలంటే ఆ పొడవు ఉండి తీరాలి. ఈ విస్తరణకు కేసరపల్లి, బుద్ధవరం, అజ్జంపూడి రైతులు భూములు ఇచ్చారు. బదులుగా అమరావతిలో ప్లాట్లు ఇస్తామన్నారు. ఆ తర్వాత రాజధాని పనులే ఆగిపోయి వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. చక్రాలు నేలను తాకినప్పుడల్లా ఆ రైతులు గుర్తొస్తారు. వాళ్ల బాకీ పూర్తిగా తీర్చాలి.

గుంటూరు నుంచి దూరం 50 కిలోమీటర్లు దాటుతుంది. మంగళగిరి దాకా బాగానే ఉంటుంది. కృష్ణ మీది వారధి దాటి విజయవాడలోకి వచ్చాకే టెన్షన్. 2020లో బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ వచ్చాక కొంత నయం, కానీ రామవరప్పాడు రింగు దగ్గర సాయంత్రం పూట ఇరుక్కుంటే ఇక అంతే. విమానానికి మూడున్నర గంటల ముందు ఇంట్లోంచి కదలనిదే నాకు మనసు కుదురుగా ఉండదు. దిగాక సామాను తక్కువైతే హైవే మీదికి వచ్చి సిటీ బస్సు ఎక్కుతాను. టాక్సీ అయితే లోపలే రేటు ఖాయం చేసుకోండి.

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాము విమానం తీసుకోకండి. పొలాల మధ్య చోటు కదా, పొగమంచు దట్టంగా పడుతుంది. ఒక సంక్రాంతికి ముందు మా విమానం గన్నవరం పైన చక్కర్లు కొట్టి కొట్టి దిగలేక హైదరాబాద్ వెళ్లిపోయింది. విమానం వాళ్లు గంటల తరబడి ఏ సంగతీ చెప్పలేదు. చంటిబిడ్డతో ఉన్న ఒక తల్లి పాల కోసం అడిగి అడిగి ఏడ్చింది. మంచు ఎవరి తప్పూ కాదు. ఆ తల్లికి జవాబు చెప్పకపోవడం మాత్రం తప్పే.

విదేశీ విమానాల సంగతికి వస్తే, 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. 2018 డిసెంబరు నుంచి ఇండిగో వారానికి రెండు రోజులు సింగపూర్‌కు నడిపింది. మా చెల్లెలు అక్కడే ఉంటుంది. తెలుగు తప్ప వేరే భాష రాని మా అమ్మ, ఆవకాయ జాడీని మూడు కవర్లలో చుట్టి సామానులో పెట్టుకుని, ఒక్కతే ఎక్కి నాలుగు గంటల్లో కూతురి దగ్గర దిగింది. ఎక్కడా మారాల్సిన పని లేకపోబట్టే ఆవిడకు అంత ధైర్యం. 2019 మధ్యలో ఆ సర్వీసు ఆగిపోయింది. 2022 అక్టోబరు చివర్లో షార్జాకు విమానం మొదలైంది. పని కోసం గల్ఫ్ వెళ్లే గోదావరి జిల్లాల ఆడవాళ్లకు అది ఎంత ఆసరాయో లైన్లో వాళ్ల పక్కన నిలబడితే తెలుస్తుంది.

సింగపూర్ సర్వీసు ఆగిన తర్వాత అమ్మను శంషాబాద్ దాకా నేనే కారులో తీసుకెళ్లాల్సి వచ్చింది. దారిలో సూర్యాపేట దగ్గర టీ తాగుతూ, "గన్నవరం నుంచైతే నువ్వు షాపు మూసుకుని రావక్కర్లేదు కదరా" అంది.