బయటి యాప్‌లకు అనుమతులు: గుమ్మంలోనే ఆపాలా, లోపలికొచ్చాక వెతకాలా?

మా ఆఫీసులో అకౌంట్స్ చూసే అమ్మాయి మూడు బిల్లుల పీడీఎఫ్‌లను ఒకటిగా కలపాలనుకుంది. వెతికితే దొరికిన మొదటి యాప్‌లో ఆఫీసు గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, అలో నొక్కేసింది. ఆ తెర మీద ఉన్న మాట ఇది: మీ డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ చూడటం, మార్చడం, కొత్తవి సృష్టించడం, తొలగించడం. మూడు బిల్లుల కోసం డ్రైవ్ మొత్తం! అడిగితే, "ఒక్కసారే వాడాను సార్" అంది. నిజమే, కానీ అనుమతి మాత్రం ఏడాదిన్నరగా అలాగే ఉంది. తప్పు ఆమెది కాదు, అలా ఇవ్వగలిగేలా వదిలేసిన మాది.

ఇలాంటివి పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఎవరికి కావాల్సింది వాళ్లను పెట్టుకోనిచ్చి, నెలకోసారి జాబితా తిరగేయడం ఒకటి. ఆఫీసు ఖాతాలన్నీ నిర్వహించే అడ్మిన్ ఒప్పుకుంటేనే ఏ యాప్ అయినా లోపలికి రావడం, అంటే గుమ్మంలోనే ఆపడం, రెండోది.

మొదటిదానిలో ఎవరి పనీ ఆగదు. గూగుల్ అడ్మిన్ కన్సోల్‌లో (అడ్మిన్ సెట్టింగుల పేజీ) ఏపీఐ కంట్రోల్స్ అనే భాగం తెరిస్తే ఏ యాప్‌ను ఎంతమంది వాడుతున్నారో, అది దేన్ని అడిగిందో కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్‌లో అయితే ఖాతాలను నిర్వహించే ఎంట్రా లోని ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్స్ చూడాలి. నేను ముందు చూసేది ఒకరిద్దరే వాడే, పెద్ద అనుమతులున్న యాప్‌లను. గూగుల్‌లో అనుమతి పేరు డ్రైవ్.ఫైల్ అని ఉంటే ఆ యాప్‌తో తెరిచిన, తయారుచేసిన ఫైళ్ల వరకే. ఉత్త డ్రైవ్ అని ఉంటే సర్వస్వం. మైక్రోసాఫ్ట్‌లో మెయిల్ చదవనిచ్చే మెయిల్.రీడ్ పక్కన ఆఫ్‌లైన్_యాక్సెస్ కూడా ఉంటే, మనిషి లాగిన్‌లో లేకపోయినా యాప్ ఉత్తరాలు చదువుతూనే ఉండగలదు.

అయితే 2017 మే 3న ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. గూగుల్ డాక్స్ అనే పేరే పెట్టుకున్న నకిలీ యాప్ ఒకటి మెయిల్, కాంటాక్టుల అనుమతి అడిగి, ఒప్పుకున్నవాళ్ల పరిచయస్తులందరికీ అదే ఉత్తరం పంపుకుంటూ పోయింది. గూగుల్ గంటలోపే ఆపింది. ఆ గంటతో పోలిస్తే మన నెలవారీ జాబితా దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

అందుకే నా ఓటు గుమ్మానికే. కానీ ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది దీన్ని గమనించరు. గూగుల్‌లో డ్రైవ్, జీమెయిల్‌లను రిస్ట్రిక్టెడ్‌గా (నమ్మిన యాప్‌లకే అందేలా) మారిస్తే, నమ్మకమైనవిగా మనం గుర్తించని పాత యాప్‌లు కూడా ఆగిపోతాయి. మైక్రోసాఫ్ట్‌లో యూజర్ కన్సెంట్, అంటే ఉద్యోగులే అనుమతి ఇచ్చుకునే వీలు, ఆపితే ఆ రోజు నుంచి వచ్చేవే ఆగుతాయి. అంతకుముందు ఇచ్చినవి చెక్కుచెదరవు, ఒక్కొక్కటీ వెతికి తీసేయాలి. తలుపేసి, దొంగ లోపలే ఉన్నాడేమో చూసుకోకపోతే ఎలా?

గుమ్మం దగ్గర ఆపడంలో కష్టం మనుషులతో వస్తుంది. యాప్ కావాలని అడిగినవాడికి రెండు రోజులు జవాబివ్వకపోతే, ఆఫీసు ఫైల్‌ను సొంత జీమెయిల్‌కు పంపుకుని అక్కడ పని కానిచ్చుకుంటాడు. అది ఇంకా ప్రమాదం. అభ్యర్థనలకు అదే రోజు బదులు చెప్పే మనిషి లేకపోతే ఈ దారి పట్టొద్దు. మైక్రోసాఫ్ట్‌లో మధ్యేమార్గం ఉంది: మైక్రోసాఫ్ట్ ధ్రువీకరించిన పబ్లిషర్ల (యాప్ తయారీదారుల) యాప్‌లకు, అదీ చిన్నపాటి అనుమతులకు మాత్రమే ఉద్యోగులు ఒప్పుకోగలిగేలా పెట్టొచ్చు.

గుమ్మం కూడా పట్టుకోలేనిది ఒకటుంది. 2025 ఆగస్టులో డ్రిఫ్ట్ అనే మంచి చాట్ యాప్ టోకెన్లే, అంటే మనం అలో నొక్కాక యాప్‌కు దక్కే తాళంచెవులే, దొంగల చేతికి చిక్కాయి. వందల సంస్థలు సేల్స్‌ఫోర్స్‌లో (కస్టమర్ల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్) ఉంచిన సమాచారంతో పాటు, దాన్ని మెయిల్‌కు కలుపుకున్న కొద్ది గూగుల్ వర్క్‌స్పేస్ ఖాతాల్లోకీ చొరబడ్డారు. ఆ దొంగలకు ఎవరి పాస్‌వర్డూ, ఓటీపీ అక్కర్లేకపోయింది. కాబట్టి ఒప్పుకున్న యాప్‌లను కూడా మూడు నెలలకోసారి చూడాలి, వాడనివి తీసేయాలి.

ఇచ్చినా వాడని అనుమతులను తనంతట తానే పట్టిచ్చే మైక్రోసాఫ్ట్ యాప్ గవర్నెన్స్ లాంటివి బాగానే పనిచేస్తాయి. కానీ ఇరవై ముప్పై మంది ఉన్న ఆఫీసుకు ఆ లైసెన్స్ ఖర్చు దండగ. ఆ డబ్బు పెట్టే ముందు ఒక మధ్యాహ్నం కేటాయించి మెయిల్ మొత్తం చదవగల యాప్‌లను ఏరేయండి, తర్వాత డ్రైవ్ మొత్తం అడిగినవి. మేం అలాగే మొదలుపెట్టాం. ఆ పీడీఎఫ్ యాప్ రెండో విడతలో పోయింది. బిల్లులు కలిపే పనికి ఆమె కంప్యూటర్‌లోనే, ఏ ఖాతా అడగని సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టాం.