ఆఫ్రిడెవ్ చేతిపంపు: పంపుకు పూర్తి మార్కులు, సీలు దొరకడానికి సున్నా

విదేశీ నిధులతో వేసిన నీటి పథకాలు ఆ డబ్బు ఆగిపోయాక ఎలా నడుస్తున్నాయో చూడటం నా ఉద్యోగం. ఆ తనిఖీల్లో ఎక్కువగా విప్పి చూసింది ఆఫ్రిడెవ్‌నే. ఐదు స్టార్లకు నాలుగు ఇస్తాను.

1980ల్లో ప్రపంచ బ్యాంకు, యూఎన్‌డీపీల (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ) చేతిపంపుల ప్రాజెక్టులో, మలావీ, కెన్యాల్లో తయారైన పంపు ఇది. ఊరివాళ్లే రిపేరు చేసుకోగలగాలని ముందే అనుకుని చేశారు. నిజంగానే చేసుకోగలరు. ఒక స్పానరు, అడుగునున్న ఫుట్ వాల్వును పట్టి లాగడానికి ఒక కొక్కెం ఉంటే చాలు. పైపులు కదపకుండానే పిస్టన్, వాల్వు రెండూ పైకొచ్చేస్తాయి. ఇండియా మార్క్ 2 అనే ఇంకో రకం చేతిపంపులో అయితే, నీళ్లు కారిపోకుండా పట్టే సీలు మార్చాలన్నా బరువైన జీఐ (జింకు పూత ఇనుప) పైపులన్నీ బయటికి తీయాలి. అందుకు మనుషులు, సామాను, బండి కావాలి. ఆ బండి వచ్చేదాకా వాగునీళ్లే గతి. నీళ్లలో ఆమ్లగుణం ఉంటే ఆ జీఐ పైపులు తుప్పు కూడా పడతాయి. ఆఫ్రిడెవ్‌వి పీవీసీ కాబట్టి పైపుల వరకు ఆ టెన్షన్ లేదు.

మరి ఒక స్టార్ ఎందుకు కోశానంటే, విడిభాగాల వల్ల. సీళ్లు, హ్యాండిల్ బేరింగులు ఏడాదికోసారి మార్చాలి. ఖరీదేమీ కాదు, దొరకవు, అంతే. ప్రాజెక్టు వాళ్లు పంపు అప్పగించే రోజు ఒక డబ్బా విడిభాగాలిచ్చి ఫొటో దిగి వెళ్తారు. డబ్బా ఖాళీ అయ్యాక అసలు కథ మొదలవుతుంది. పక్క ఊళ్లో ఇంకో దాత ఇంకో మోడల్ పంపు వేసి ఉంటాడు. రెండు మూడు రకాలకు కొద్దికొద్దిగా సరుకు తెచ్చి పెట్టుకుంటే ఏ దుకాణదారుకు గిట్టుతుంది? పైగా ఈ డిజైన్‌కు పేటెంట్ లేదు, ఎవరైనా చేయొచ్చు. మంచిదే కానీ, నాసిరకం తయారీదారు బేరింగు ఇంకొకరి పంపులో సరిగ్గా కూర్చోదు.

నీటి కమిటీ ఖాతాలో డబ్బున్నా పంపు మూలపడటం చూశాను. కొనడానికి సీలు లేక! (ఆ ఖాతా గురించి మాత్రం నివేదికలో నాలుగు పేజీలుంటాయి.)

నిధులిచ్చేవాళ్లు సంతకం పెట్టేముందు ఆ జిల్లాలో ఇప్పటికే ఏ పంపులున్నాయో, వాటి సీళ్లు ఎవరు అమ్ముతున్నారో కనుక్కోండి. అక్కడ మార్క్ 2 మెకానిక్కులే ఉంటే ఆఫ్రిడెవ్ వద్దు. నీళ్లు 45 మీటర్ల కన్నా లోతులో ఉన్నా వద్దు.