సెంటర్‌లో పోలీస్ కెమెరానా, రాత్రి గస్తీనా?

అమలాపురం, పాలకొల్లు చుట్టుపక్కల దొంగతనం జరిగిన ప్రతిసారీ ఊరిపెద్దల ముందుకొచ్చే ప్రశ్న ఇది.

ఖర్చు: కెమెరాకు ఒకేసారి పెద్ద మొత్తం, ఆపైన కరెంటు, నెట్, రిపేర్లు. ఉప్పుగాలికి పాడైతే స్తంభానికి అలంకారమే. గస్తీకి డబ్బు తక్కువ, మనుషులు దొరకడమే కష్టం.

ఫలితం: బైక్ పోతే దొంగ ఎటు వెళ్లాడో చూపేది కెమెరా. చెరువు గట్టు మీద మోటారు ఎత్తుకెళ్లేవాణ్ణి అక్కడికక్కడే ఆపేది గస్తీ.

ప్రైవసీ: అసలు తేడా ఇక్కడే. గస్తీ కానిస్టేబుల్ చూసింది మర్చిపోతాడు, కెమెరా మర్చిపోదు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరు ఏ మీటింగుకు వెళ్లారు, అంతా రికార్డే. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన ప్రైవసీ పోదని ప్రైవసీని ప్రాథమిక హక్కుగా తేల్చిన సుప్రీంకోర్టు 2017 పుట్టస్వామి తీర్పు ప్రధాన అభిప్రాయంలో ఉంది. ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరాన్ని మించకూడదు. రికార్డింగ్ ఎన్నాళ్లుంచుతారు, ఎవరు చూస్తారు అని అడిగితే మనవాళ్లు "తప్పు చేయనివాడికి భయమెందుకు?" అంటారు. భయమేం లేదండీ, లెక్క కావాలి.

బస్టాండు, రేవు, మెయిన్ రోడ్డు అయితే కెమెరాయే మేలు, రికార్డింగ్ ఉంచే గడువు రాయించుకుని మరీ. ఇళ్ల సందుల్లో గస్తీ చాలు. 2027 గోదావరి పుష్కరాలకు ఘాట్లలో రెండూ ఉండాల్సిందే. రద్దీ తగ్గాక అదనపు కెమెరాలు తీసేయాలి.