మంత్రి పదవికి గీత ఎక్కడ? అరెస్టు, అభియోగం, శిక్షల్లో ఏది మేలు?

హనుమకొండ అదాలత్ సెంటర్‌లో చాయ్ తాగుతూ ఒక వకీలు మిత్రుడు అడిగారు: "కేసులో ఇరుక్కున్న మంత్రి పదవి ఎప్పుడు పోవాలి? పోలీసులు పట్టుకెళ్లినప్పుడా, జడ్జి అభియోగాలు నమోదు చేసినప్పుడా, శిక్ష పడినప్పుడా?"

ఇప్పుడు అమల్లో ఉన్న గీత మూడోదే. ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) ప్రకారం రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే చట్టసభ సభ్యత్వానికి అనర్హత, దాంతో మంత్రి పదవికీ. విడుదలైన తర్వాత కూడా మరో ఆరేళ్లు పోటీకి దూరం. పదవిలో ఉన్నవారు మూడు నెలల్లో అప్పీలు వేసుకుని కుర్చీ కాపాడుకునే వెసులుబాటును 2013లో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. గీత గట్టిదే, కానీ విచారణ ముగిసేలోగా ఎన్నికలే రెండు మూడు గడిచిపోతాయి. పైగా శిక్ష కూడా చివరి మాట కాదు. మన నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావుకు 2000లో ప్రత్యేక కోర్టు మూడేళ్ల జైలు విధించింది. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషి అంది.

అరెస్టు గీత కొత్తది. 2025 ఆగస్టు 20న లోక్‌సభ ముందుకు వచ్చిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లు ప్రకారం, ఐదేళ్లు, ఆపైన శిక్ష పడదగిన కేసులో వరుసగా 30 రోజులు నిర్బంధంలో ఉంటే 31వ రోజున మంత్రి పదవి పోతుంది. ముఖ్యమంత్రికీ, ప్రధానికీ అదే లెక్క. 2024లో ఢిల్లీ ముఖ్యమంత్రి నెలల తరబడి జైల్లో ఉంటూనే పదవిలో కొనసాగారు కాబట్టి సమస్య ఊహించినది కాదు. కానీ మనీ లాండరింగ్ చట్టం కింద బెయిలు ఎంత కష్టమో వకీళ్లకు తెలుసు. నిందితుడు నేరం చేయలేదని నమ్మే ఆధారం కోర్టుకు ముందే కనిపించాలి. అక్కడ ముప్పై రోజులు ఇట్టే గడిచిపోతాయి.

నా మొగ్గు అభియోగాల వైపు. లా కమిషన్ 2014లో తన 244వ నివేదికలో ఇదే చెప్పింది: ఐదేళ్లు, ఆపైన శిక్షకు అవకాశమున్న నేరంలో, నామినేషన్ల పరిశీలనకు కనీసం ఏడాది ముందు అభియోగాలు నమోదైతే అనర్హత. కాజీపేటలో పట్టాల మీద కూర్చున్న తెలంగాణ ఉద్యమకారుల సంగతేమిటని మిత్రుడు నిలదీశారు. రైలును అడ్డగించినందుకు రైల్వే చట్టంలో గరిష్ఠ శిక్ష రెండేళ్లే, ఆ కేసు ఈ వలలో పడదు. దానికి హత్యాయత్నం సెక్షన్ తగిలిస్తే? అది నిలుస్తుందో లేదో అభియోగాల దశలో జడ్జి చూస్తారు. అరెస్టు రోజున చూసేది పోలీసు అధికారి. నాకు ఈ ఒక్క తేడా చాలు.

అయితే ఎమ్మెల్యే అభ్యర్థికి ఇదే గీత వద్దంటాను. ఆయనను ఎన్నుకునేది జనం. వారికి అఫిడవిట్‌లో కేసుల చిట్టా ఇచ్చి, అనర్హతను శిక్ష దాకా ఆపవచ్చు. మంత్రి సంగతి అది కాదు, ముఖ్యమంత్రి ఏరికోరి తీసుకునే మనిషి. తెలంగాణలో 119 స్థానాలకు మంత్రులు, ముఖ్యమంత్రితో కలిపి, 18 మందికి మించరాదు. మిగిలిన వంద మందిలో అభియోగం లేనివారు దొరకరా?

"ముఖ్యమంత్రి మీదే అభియోగం నమోదైతే?" అన్నారు మిత్రుడు, గ్లాసు కింద పెడుతూ.

ఆ పార్టీ ఎమ్మెల్యేలు ఇంకొకరిని ఎన్నుకోవాలి, అంతే.